స్పోర్ట్స్ కారులో పవర్ స్టీరింగ్ మొరాయిస్తే: పంపు మార్చే ముందు చూడవలసినవి

స్టీరింగ్ తిప్పినప్పుడల్లా బానెట్ కింద నుంచి మూలుగు వినిపిస్తుంటే చాలామంది మొదట అనుమానించేది పంపునే. కొత్త పంపు వేయిస్తారు, కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే మూలుగు. పంపు పాడైన మాట నిజమే కావచ్చు. దాన్ని పాడు చేసినవి మాత్రం చాలాసార్లు వేరే ఉంటాయి: ఆయిల్లోకి దూరిన గాలి, హద్దు మీరిన వేడి. స్పోర్ట్స్ కారులో ఈ రెండింటికీ అవకాశం ఎక్కువ. వెడల్పాటి టైర్లు, ఎర్రగీత (ఇంజను వేగానికి మీటరు మీద ఉండే చివరి హద్దు) దాకా పరిగెత్తే ఇంజను, గాలి ఆడని ఇరుకు బానెట్, పక్కనే కాలిపోతున్న ఎగ్జాస్టు. అందుకే చౌకలో తేలిపోయే అనుమానాలను ముందు తీర్చుకోండి. పంపు, ర్యాక్ (స్టీరింగ్ తిప్పును ముందు చక్రాలకు చేర్చే పళ్ల కడ్డీ) జోలికి చివర్లో వెళ్లండి.

మీ కారులో ఉన్నది ఏ రకం?

పవర్ స్టీరింగ్ మూడు రకాలు. మొదటిది హైడ్రాలిక్, అంటే ఆయిలు ఒత్తిడితో పనిచేసేది. ఇంజను బెల్టుతో తిరిగే పంపు, ఆయిలు డబ్బా, హోసులు, ర్యాక్ ఇందులో భాగాలు. రెండోది ఎలక్ట్రో హైడ్రాలిక్. ఇందులోనూ ఆయిలు ఉంటుంది, కానీ పంపును తిప్పేది బెల్టు కాదు, విద్యుత్ మోటారు. ఇంజను మధ్యలో ఉన్న కార్లకు ఇది వీలుగా ఉంటుంది. రెండో తరం టయోటా ఎంఆర్2లో ఇదే ఉంది, మెక్‌లారెన్ కూడా దీన్నే ఇష్టపడుతుంది. మూడోది పూర్తి ఎలక్ట్రిక్. ఆయిలు చుక్క కూడా ఉండదు, ర్యాక్ మీదనో స్టీరింగ్ కాలమ్ (చక్రం నుంచి ర్యాక్ దాకా వెళ్లే కడ్డీ) మీదనో ఒక మోటారు కూర్చుని ఉంటుంది.

కారు పేరును బట్టి రకం చెప్పలేం. పోర్షె 911నే తీసుకోండి. 997 తరం దాకా హైడ్రాలిక్, 2011లో వచ్చిన 991 నుంచి ఎలక్ట్రిక్. మాజ్డా ఎంఎక్స్-5 మూడో తరంలో హైడ్రాలిక్, నాలుగో తరంలో ఎలక్ట్రిక్. హోండా ఎస్2000 మాత్రం 1999లో వచ్చినప్పుడే ఎలక్ట్రిక్‌తో వచ్చింది, ఫెరారీ 2017లో 812 సూపర్‌ఫాస్ట్ దాకా ఆగింది. కాబట్టి మాన్యువల్ చూడండి, లేదా బానెట్ తెరిచి మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న చిన్న డబ్బా కోసం వెతకండి. అలాంటిది లేదని తేలితే నేరుగా ఎలక్ట్రిక్ భాగానికి వెళ్లిపోవచ్చు.

రకం ఏదైనా, పనిముట్లు బయటికి తీయకముందే ముందు చక్రాల టైర్లలో గాలి సరిచూడండి. గాలి తగ్గిన వెడల్పాటి టైర్లతో ఏ స్టీరింగైనా బరువుగానే ఉంటుంది. ఈమధ్య వీల్ అలైన్‌మెంట్ మార్పించినా, స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేయించినా, ఇంకా వెడల్పు టైర్లకు మారినా, బరువు అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు.

లక్షణాన్ని బట్టి జాడ

స్టార్ట్ చేయగానే మూలిగి, కాసేపటికి సర్దుకుంటే ఆయిలు తగ్గిందో, గాలి చేరిందో, డబ్బాలోని వడపోత జాలీ పూడుకుపోయిందో అనుకోవాలి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు కీచుమని అరిస్తే బెల్టు జారుతోంది. ఒక పక్కకు తేలికగా, రెండో పక్కకు బరువుగా తిరిగితే ర్యాక్ లోపలి సీలుకో వాల్వుకో నలత చేసింది. ఒక పూర్తి చుట్టులో రెండు చోట్ల పట్టేసి వదులుతుంటే ఆయిలుతో సంబంధం లేదు, కాలమ్ కింది యూనివర్సల్ జాయింటు (కడ్డీ వంగే చోట ఉండే కీలు) తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని పంపు తప్పుగా పొరబడేవారు చాలామంది. ఇక మలుపుల మీద మలుపులు వచ్చే ట్రాక్ మీద ఎడాపెడా తిప్పినప్పుడు స్టీరింగ్ ఒక్క క్షణం బిగదీసుకుపోతే, ఆయిలు నురగెత్తిందని అర్థం.

గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

ఎక్కువ సేపు వెచ్చించవలసింది ఇక్కడే. డబ్బా నుంచి పంపుకు వెళ్లే లావాటి హోసులో ఒత్తిడి ఉండదు. పంపు ఆయిలును పీల్చుకుంటుంది. కన్నం పడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగితే నీళ్లు కారవు, బుడగలు మాత్రం నోట్లోకి వస్తాయి. ఇక్కడ జరిగేదీ అదే. కింద చుక్క ఆయిలు కారదు, డబ్బాలో మట్టం తగ్గదు, పంపు మాత్రం గాలి నమిలి మూలుగుతూనే ఉంటుంది. లీకు లేదు కదా, పంపే పోయింది అని తీర్పు చెప్పేది ఈ దశలోనే.

రుజువు చేసుకోవడం తేలిక. ఇంజను నడుస్తుండగా ఎవరినైనా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, మీరు టార్చి వెలుగులో డబ్బాలోకి చూడండి. ఆయిలు అద్దంలా కనబడితే మంచిదే. పైన సన్నని నురగ తేలినా, ఆయిలు పాలు కలిపినట్లు మసకబారినా గాలి ఉంది. ఇప్పుడు మట్టం ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని ఇంజను ఆపమనండి. ఆపగానే మట్టం కళ్లముందే పైకి లేస్తే సందేహం అక్కరలేదు. అంతవరకు ఒత్తిడికి నలిగి ఉన్న గాలి ఒక్కసారి వ్యాకోచించి ఆయిలును పైకి నెట్టింది.

దొంగ సాధారణంగా రెండు చోట్ల దాక్కుంటాడు. ఒకటి, పీల్పు హోసు రెండు చివర్లలో ఉండే స్ప్రింగు క్లాంపులు. ఏళ్ల తరబడి వేడికి స్ప్రింగు పట్టు సడలుతుంది, రబ్బరు గట్టిపడుతుంది. హోసును చేత్తో పట్టి తిప్పితే తేలికగా తిరిగిందంటే హోసూ క్లాంపూ రెండూ మార్చండి. రెండు, ఆ హోసు పంపులోకి దిగే చోట ఉండే చిన్న ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు సీలు. చాలా హోండాల్లో ఇది పాత కథే. ఒకటి రెండు బోల్టులు విప్పి గొట్టాన్ని బయటికి లాగితే రింగు కనబడుతుంది. కొత్తప్పుడు గుండ్రంగా, మెత్తగా ఉండేది ఇప్పుడు ఒక పక్క చదునుగా, మెరుపు తేలి ఉంటుంది. గోటితో వంచితే వంగకుండా పెళుసుగా విరుగుతుంది. అది కూర్చునే గాడిని పోగులు రాని గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు అదే ఆయిలు కాస్త పూసి అమర్చండి. పొడిగా తోస్తే అంచు చిరిగి మళ్లీ మొదటికొస్తుంది. కొలత కలిసిందని మామూలు రబ్బరు రింగు వేయకండి, స్టీరింగ్ ఆయిలుకు తట్టుకునేదే కావాలి. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడమంటే ఈ రింగు బదులు పంపు మార్చడమే.

డబ్బా అడుగున ఉండే జాలీని కూడా చూడండి. చాలా కార్లలో అది డబ్బాలో అంతర్భాగం, విడిగా తీయడానికి రాదు. నల్లటి బురద పట్టిందంటే డబ్బానే మార్చాలి. పూడుకుపోయిన జాలీ మీద పంపు గట్టిగా పీల్చేసరికి సందుల నుంచి గాలి వస్తుంది.

ఆయిలు మార్చడం, గాలి తీయడం

ఏ ఆయిలు పోయాలో మూత మీదనో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది, ఆ మాటే చివరి మాట. కొన్నింటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్, కొన్నింటికి సీహెచ్ఎఫ్ 11ఎస్ వంటి సింథటిక్ హైడ్రాలిక్ ఆయిలు, హోండాలకు వాళ్ల సొంత రకం. కొన్ని బీఎండబ్ల్యూల్లో ఒకే మోడల్ కార్లలో కూడా తేడా ఉంటుంది కనుక మూత మీది ముద్ర చదవకుండా పోయకండి. ఏటీఎఫ్ సాధారణంగా ఎరుపు, సీహెచ్ఎఫ్ ఆకుపచ్చ. పాతబడితే ఏ ఆయిలైనా గోధుమరంగులోకి దిగుతుంది కనుక రంగు చూసి నిర్ణయించకండి. బ్రేకు ఆయిలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పడకూడదు, అది సీళ్లను ఉబ్బించి వ్యవస్థ మొత్తాన్ని నాశనం చేస్తుంది.

మామూలు మార్పిడికి పెద్ద సిరంజి చాలు. డబ్బాలోని ఆయిలు లాగేసి, కొత్తది పోసి, ఇంజను స్టార్ట్ చేసి స్టీరింగ్ కొన్నిసార్లు తిప్పి, ఆపి, మళ్లీ లాగి మళ్లీ పోయాలి. రంగు తేరుకునే దాకా ఇదే. ఓపిక కావాలి గానీ మురికి చేసుకోవడం ఉండదు. ఆయిల్లో లోహపు మెరుపు కనబడితే మాత్రం ఇది సరిపోదు. రిటర్న్ హోసును (ర్యాక్ నుంచి ఆయిలును తిరిగి డబ్బాకు తెచ్చేది) డబ్బా నుంచి విప్పి సీసాలో పెట్టి, డబ్బా వైపు కన్నానికి బిరడా బిగించి, మరొకరు కొత్త ఆయిలు పోస్తుండగా ఇంజనును రెండు మూడు క్షణాలు మాత్రమే నడిపి ఆపాలి. డబ్బా ఖాళీ అయ్యేందుకు ఎంతో సేపు పట్టదు. ఖాళీ అయిందంటే పంపు మళ్లీ గాలి మింగినట్లే.

ఆ తర్వాత గాలి తీయాలి. వరుస తప్పకండి:

1. కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద దించండి. ఎత్తు తక్కువ కార్లకు అందుకు తగిన జాకీ కావాలి. కంపెనీ చెప్పిన చోటే జాకీ ఆనించండి, లేదంటే సైడు అంచు నలుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్లకండి.

2. ఇంజను ఆపే ఉంచి, డబ్బాను చల్లటి గీత (ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఉండవలసిన మట్టం) దాకా నింపండి. మూత తీసి ఉంచండి.

3. స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి నెమ్మదిగా తిప్పండి. ఇరవై సార్లు అయినా తిప్పాలి. చివర తాకగానే వెనక్కి రండి. బుడగలు పైకి వస్తుంటాయి, మట్టం పడిపోతుంటుంది, పోస్తూ ఉండండి. స్టీరింగ్ తిప్పడానికి ఇంజను ఆగి ఉన్నా తాళం తిప్పి లాకు తీసి ఉంచాలని మరవకండి.

4. బుడగలు ఆగాక పావుగంట వదిలేయండి. సన్నని బుడగలు పైకి తేలడానికి వాటి టైము వాటికి కావాలి. తొందరపడి ఇంజను స్టార్ట్ చేస్తే పంపు వాటిని గిలకొట్టి నురగ చేస్తుంది, అప్పుడు గంటలు ఆగవలసి వస్తుంది.

5. ఇప్పుడు ఇంజను ఐడిలింగ్‌లో ఉంచి మళ్లీ నెమ్మదిగా తిప్పండి. యాక్సిలరేటర్ ముట్టకండి. ఆపి, మట్టం ఎగిరిందా లేదా చూడండి. ఎగరలేదంటే పని అయినట్లే.

లీకులు

ముందుగా ఒక హెచ్చరిక. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు ఒత్తిడి చాలా కార్లలో 70 బార్లు (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 70 రెట్లు) దాటిపోతుంది, కొన్నింటిలో 100 కూడా దాటుతుంది. ఆ ఒత్తిడితో సూదిమొన కన్నం నుంచి చిమ్మే ఆయిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. ఇంజను నడుస్తుండగా హోసు మీద చేయి వేసి లీకు వెతకకండి. అట్టముక్క పెట్టి చూడండి, తడి దాని మీద పడుతుంది. ఒకవేళ చర్మంలోకి చిమ్మితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఎక్కువ ఒత్తిడి హోసు చివర లోహపు గొట్టానికి నొక్కిన చోట చెమర్చడం మామూలు. అక్కడ టేపులు, క్లాంపులు పనిచేయవు, హోసు మార్చాలి. బాంజో బోల్టు (లోపలి నుంచి ఆయిలు పారే బోలు బోల్టు) ఉంటే దాని రెండు పక్కల రాగి వాషర్లు కొత్తవి వేసి, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించండి. పాత వాషరు ఒకసారి నలిగిపోయింది కనుక రెండోసారి సీలు కాదు.

ర్యాక్ రెండు చివర్ల ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు బూట్లను చేత్తో నొక్కండి. లోపల ఆయిలు కదులుతున్నట్లు తెలిస్తే ర్యాక్ సీలు పోయింది. ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. విప్పే పని మీరే పెట్టుకున్నా స్టీరింగ్ చక్రాన్ని కట్టేసి కదలకుండా ఉంచండి. ర్యాక్ నుంచి కాలమ్ విడిపోయాక చక్రం ఇష్టమొచ్చినట్లు తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట తీగ తెగిపోతుంది.

లీకును ఆపుతామంటూ సీసాల్లో అమ్మే మందులు సీళ్లను ఉబ్బించి కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. అమ్మేయబోయే పాత కారులో ఎవరైనా పోస్తారేమో గానీ, ట్రాక్ మీదికి తీసుకెళ్లే కారులో నేనైతే పోయనివ్వను.

వేడి

ఇంజను వేగం పెరిగేకొద్దీ పంపు వేగమూ పెరుగుతుంది. ఎర్రగీత దగ్గర అది స్టీరింగ్‌కు కావలసిన దానికంటే ఎంతో ఎక్కువ ఆయిలు నెడుతుంది. మిగిలినది లోపలి వాల్వు గుండా తిరిగి తిరిగి వేడెక్కుతుంది. పైగా పట్టు ఎక్కువున్న టైర్లు, ఎడతెగని మలుపులు. ట్రాక్ మీద కొన్ని చుట్లయ్యాక ఆయిలు మరిగి మూత సందు నుంచి పొంగడం అందుకే. నిస్సాన్ 370జడ్ యజమానులకు ఇది బాగా తెలిసిన బాధ. పొంగిన ఆయిలు వేడి ఎగ్జాస్టు మీద పడితే మంటలు రేగుతాయి. మూత చుట్టూ గుడ్డ చుట్టి సరిపెట్టుకునేవారు ఉన్నారు. ఆ గుడ్డ ఆయిలును పీల్చి దాచిపెడుతుంది తప్ప వేడిని తగ్గించదు.

చేయవలసినవి ఇవి. ట్రాక్‌కు వెళ్లే రోజు డబ్బాను గీత మించి నింపకండి, వేడికి వ్యాకోచించే ఆయిలుకు చోటు ఉండాలి. రిటర్న్ హోసు మధ్యలో చిన్న కూలరు అమర్చి, ముందు నుంచి వచ్చే గాలి దానికి తగిలేలా చూడండి. దాన్ని ఎప్పుడూ రిటర్న్ వైపే పెట్టాలి, ఒత్తిడి వైపు పెడితే పగిలిపోతుంది. ఎగ్జాస్టు పక్క నుంచి వెళ్లే హోసులకు వేడిని ఆపే తొడుగు వేయండి. కంపెనీ అనుమతించిన రకంలోనే వేడికి ఎక్కువ తట్టుకునే సింథటిక్ ఆయిలు వాడి, దాన్ని మాన్యువల్ చెప్పిన దానికంటే ముందే మార్చండి. పంపు వేగం తగ్గించే పెద్ద పుల్లీలు (బెల్టు తిప్పే చక్రాలు) కూడా దొరుకుతాయి. ట్రాక్ మీద మేలు చేస్తాయి, కానీ పార్కింగ్‌లో ఐడిలింగ్ మీద స్టీరింగ్ బరువెక్కుతుంది. రోజువారీ కారుకు నేను సిఫారసు చేయను.

రోజూ పాటించవలసింది ఒక్కటే: స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోకండి. ఆ స్థితిలో ఆయిలుకు వెళ్లే దారి ఉండదు, ఎక్కువైన ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని అక్కడికక్కడే తిరుగుతూ క్షణాల్లో కాగుతుంది. చివర తాకిందనిపించగానే కొద్దిగా వెనక్కి వదలండి.

పంపు నిజంగానే పోతే

గాలి లేదు, ఆయిలు శుభ్రం, బెల్టు బిగువు సరిగ్గా ఉంది, అయినా స్టీరింగ్ బరువు, మూలుగు పోలేదు. అప్పుడు పంపు మార్చవచ్చు. పుల్లీని సుత్తితో కొట్టి తీయకండి, దాన్ని లాగి తీయడానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంటుంది. కొత్త పంపు మీదికి ఎక్కించేటప్పుడూ కొట్టకండి, లోపలి షాఫ్టు దెబ్బతింటుంది. పాత పంపు అరిగి రాల్చిన లోహపు పొడి హోసుల్లో, డబ్బాలో ఉండిపోతుంది కనుక ముందు అంతా కడిగి, డబ్బా మార్చి, అప్పుడే కొత్తది బిగించండి. బిగించాక బెల్టు వేయకముందే ఆయిలు నింపి పుల్లీని చేత్తో కాసేపు తిప్పండి. పొడి పంపును ఇంజనుతో తిప్పితే మొదటి నిమిషంలోనే దాని ఆయుష్షు సగం పోతుంది.

ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే

ఇక్కడ మొదటి అనుమానం బ్యాటరీ. మోటారు లాగే కరెంటు ఎక్కువ. వోల్టేజి పడిపోతే కంప్యూటర్ సాయం తగ్గించేస్తుంది, హెచ్చరిక లైటు వెలుగుతుంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొత్త కార్లలో ఆల్టర్నేటరును కంప్యూటరే నడిపిస్తుంది కనుక కాస్త అటూ ఇటూ కావచ్చు. తరచుగా నడపని స్పోర్ట్స్ కార్లలో బ్యాటరీ నీరసించడం సహజం, ఛార్జరు తగిలించి ఉంచండి. తర్వాత ఎర్త్ వైరు బాడీకి కలిసే చోట తుప్పు గీకి శుభ్రం చేయండి.

తక్కువ చోటులో కారును పదే పదే తిప్పినప్పుడు స్టీరింగ్ క్రమంగా బరువెక్కి, పావుగంట ఆగాక మామూలైతే అది చెడిపోవడం కాదు. మోటారు కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. లైటు పోకపోతే స్కానరు పెట్టి కోడ్ చదవండి. సీ (C) అక్షరంతో మొదలయ్యేవి చాసిస్‌కు సంబంధించినవి, యూ (U)తో మొదలైతే కంప్యూటర్ల మధ్య మాట తెగిందని. కోడ్ చదవకుండా తుడిచేయకండి, మెకానిక్కుకు పనికొచ్చే సాక్ష్యం అదొక్కటే. ర్యాక్ బూటు చిరిగితే లోపలికి నీరు చేరి మోటారు దాకా తుప్పు పాకుతుంది కనుక ఆయిలు లేని ర్యాక్‌కు కూడా బూట్లు చూస్తుండాలి. కనెక్టరు విప్పవలసి వస్తే ముందు బ్యాటరీ తీసేయండి. అలైన్‌మెంట్ చేయించినా, ర్యాక్ మార్చినా స్టీరింగ్ కోణం చెప్పే సెన్సారును మళ్లీ సున్నాకు తేవలసి రావచ్చు. అది మరిస్తే స్టీరింగ్ బాగానే ఉన్నా జారుడు నియంత్రణ (ట్రాక్షన్ కంట్రోల్) లైటు వెలుగుతూ ఉంటుంది.

దారిలో సాయం ఆగిపోతే

చక్రాలకూ స్టీరింగ్‌కూ ఉన్న లోహపు బంధం తెగిపోదు, కారు తిరుగుతుంది, బరువు మాత్రం పెరుగుతుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా వేగం తగ్గిస్తూ పక్కకు తీయండి. హైడ్రాలిక్ కారులో బ్యాటరీ లైటు కూడా వెలిగితే బెల్టు తెగింది. చాలా ఇంజన్లలో అదే బెల్టు నీళ్ల పంపునూ తిప్పుతుంది కనుక టెంపరేచరు ముల్లు లేచేదాకా ఆగకుండా ఇంజను ఆపేయండి. కాలిన ఆయిలు వాసనో పొగో వస్తే బానెట్‌ను ఆత్రంగా బార్లా తెరవకండి, లోపలికి ఒక్కసారిగా గాలి తగిలితే మంట ఎగబాకుతుంది.

రిపేరు అయ్యాక రాత్రి కారు ముందు భాగం కింద శుభ్రమైన అట్ట పరిచి ఉంచండి. పొద్దున అట్ట పొడిగా ఉండి, చల్లటి ఇంజను మీద మట్టం గీత దగ్గరే ఉంటే నెమ్మదిగా రోడ్డెక్కి, కొద్ది దూరం తర్వాత క్లాంపులు, బెల్టు మరోసారి చూడండి. అట్ట మీద తడి ఉంటే దాని స్థానాన్ని బట్టి పైకి చూడండి. కారు నడిచేటప్పుడు ఎదురుగాలికి ఆయిలు వెనక్కి పాకుతుంది కనుక మచ్చకు సరిగ్గా పైన కాక, కాస్త ముందు భాగంలో వెతకాలి.